గీజరు పెట్టె తాళం చెవి

విజయనగరం, కంటోన్మెంటు
2 డిసెంబరు 2024, సోమవారం

తమ్ముడు సీమోనుకు,

ప్రభువు నామమున వందనాలు. వందనాలు లేకుండా ఉత్తరం మొదలుపెట్టకూడదని అమ్మ నేర్పింది గనక రాశాను. నీ మీద ప్రేమ పొంగి కాదు.

ఫోనులో చెబితే నీకు సగం వినబడదు. డ్యూటీలో ట్రాన్స్‌ఫార్మరు పేలి చెవులు దెబ్బతిన్న నాటి నుంచీ అంతే. చెవి మిషను కొనిస్తే బీరువాలో దాచుకున్నావు. పోనీ బేబీ చేత చెప్పిద్దామంటే, నీ పెళ్ళాం మంచిది, నా మాటల్లో కారమంతా తీసేసి నీకు చప్పగా వడ్డిస్తుంది. ఈసారి ఆ కారం నీకు తగలాలి. అందుకే కవర్లు కొనుక్కొచ్చి రాయడానికి కూర్చున్నాను.

పోయిన మంగళవారం నువ్వు వచ్చావు. బావను చూడడానికి వచ్చావని సంతోషపడ్డాను. నువ్వు మంచినీళ్ళయినా తాగకుండా బాత్రూంలోకి వెళ్ళి గీజరు ఎర్రలైటు చూసి, "ఏటక్కా, పగలల్లా ఇది ఎలగతానే ఉంటాదేటి? కరెంటు మన బాబు సొమ్మేటి?" అని వీధి చివరికి వినబడేలా అరిచావు. మన నాన్న నౌపడ ఉప్పు మళ్ళలో కూలి చేసి బతికినవాడు. ఆయన పోయేదాకా మన ఇంట్లో కిరసనాయిలు దీపమే. ఆయన పేరు గీజరు దగ్గర ఎత్తడం నీకే చెల్లింది.

తర్వాత సంచీలోంచి ఆ టైమరు తీశావు. గీజరు ఎప్పుడు వెలగాలో, ఎప్పుడు ఆరాలో ఇకమీదట అదే చూసుకుంటుందన్నావు. స్విచ్చి తీసేసి, దాని చోట ఇనప పెట్టె బిగించి, అందులో టైమరు పెట్టి, పెట్టెకు తాళం వేశావు. దాని మీద పుర్రె బొమ్మ ఉన్న ఎర్ర బోర్డు తగిలించావు. "లైను మీద మనుషులు పని చేస్తున్నారు. ముట్టరాదు." నా బాత్రూంలో ఏ లైను, ఎవరు మనుషులు? అంతా అయ్యాక తాళం చెవి నీ జేబులో వేసుకుని నౌపడ రైలెక్కేశావు.

నిన్న బల్ల ఆదివారం, నెలకోసారి ప్రభువు రొట్టె, ద్రాక్షరసం అందుకునే రోజు. మీ బావకు పక్షవాతం వచ్చి పది నెలలైంది. ఆయన గడప దాటేది ఒక్క చర్చికే, అదీ వారానికి ఒక్క పూట. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయిన మనిషికి వేణ్ణీళ్ళు పడితే గానీ ఒళ్ళు వంగదు. పొద్దున్న కుళాయి తిప్పితే మంచులాంటి నీళ్ళు. నువ్వు ఆదివారం తెల్లవారే వేణ్ణీళ్ళు వస్తాయని ఒట్టేసి వెళ్ళావు కదా. ఆయన భుజం మీద తువ్వాలేసుకుని కుర్చీలో ఎనిమిదిన్నర దాకా కూర్చున్నారు. తర్వాత తువ్వాలు తీసి నా చేతికిచ్చి, "ఈ వారానికి ఒగ్గీ, లీలా" అన్నారు. ఇరవై రెండేళ్ళు డీకనుగా ప్రభువు బల్ల దగ్గర గిన్నెలు అందించిన మనిషి బల్లకు వెళ్ళకపోవడం ఇదే మొదలు.

చోద్యమేమిటంటే, ఈ రోజు సోమవారం, నేను లేచేసరికే గీజరు ఎర్రగా వెలుగుతోంది. ఎనిమిది దాకా ఆరలేదు. ఎవరి కోసం?

ఇంకో మాట. నాకు పొద్దున్న పదకొండింటికీ, మధ్యాహ్నం మూడింటికీ కూడా వేణ్ణీళ్ళు కావాలి. ఎందుకని అడక్కు. తాళం చెవి పోస్టులో పంపించు.

కోపం తగ్గని నీ అక్క,
లీలారాణి

•

నౌపడ
5 డిసెంబరు 2024

అక్కకు,

వందనాలు. బావగారికి కూడా. బేబీ ఎండు మెత్తళ్ళు పంపుతానంటే వద్దన్నాను. ఉత్తరంలో అన్ని మాటలన్నాక చేపలు కూడా ఎందుకు.

నేను ముప్పై నాలుగేళ్ళు లైన్‌మన్‌గా చేశాను. గీజరు గురించి నాకు చెబుతున్నావు. నువ్వు వాడినా వాడకపోయినా ట్యాంకులో నీళ్ళ వేడి కొద్దికొద్దిగా దిగిపోతూనే ఉంటుంది. దిగినప్పుడల్లా అది మళ్ళీ కాస్తుంది. రోజంతా కాచి, చల్లార్చి, మళ్ళీ కాచి, ఎవరూ పోసుకోని నీళ్ళకు కరెంటు తగలేస్తున్నావు. మీ మీటరు చూశాను. ఇద్దరే ఉన్న ఇంట్లో మీటరు పెళ్ళివారింట్లో తిరిగినట్టు తిరుగుతోంది. బడి గంట కొట్టినట్టు పొద్దున్న ఒక అరగంట, సాయంత్రం ఒక అరగంట కాస్తే సగానికి సగం ఆదా. ఇలాంటిదే మా ఇంట్లోనూ పెట్టాను. ఒక్క రోజు తప్పలేదు.

నేను పెట్టిన వేళలు మళ్ళీ రాస్తున్నాను, గోడకు అంటించుకో. మామూలు రోజుల్లో పొద్దున్న ఐదున్నర నుంచి ఆరు, సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర. శనివారం సాయంత్రం మాత్రమే, ఎందుకంటే మన ఇళ్ళలో మర్నాడు చర్చి అని శనివారం సాయంత్రమే తలంటుకుంటాం. ఆదివారం నాలుగున్నర నుంచి ఎనిమిది దాకా, బావ కోసం. ఆదివారానికి పెట్టింది ఆదివారమే వెలుగుతుంది. సోమవారం వెలిగింది అంటున్నావు. యంత్రం అబద్ధం చెప్పదు. నువ్వు రోజులు తప్పుతున్నావేమో చూసుకో. అరవై ఆరేళ్ళొచ్చాయి. అందులో తప్పేం లేదు.

పదకొండింటికి వేణ్ణీళ్ళేమిటి? మీరేమైనా జమీందార్లా, మూడు పూటలా పన్నీటి స్నానాలకి? నర్సమ్మగారు రిటైరయ్యాక సోకులు పెరిగాయని బేబీతో అన్నాను. బేబీ నన్ను తిట్టింది, అది వేరే సంగతి.

తాళం చెవి పంపను. తాళం వేసినవాడే తాళం తీయాలి. అది నా పద్ధతి, అడగొద్దు.

నేను వచ్చి చూద్దును. కానీ ఆ మంగళవారం పాస్టరమ్మగారి ముందు నువ్వన్న మాట మర్చిపోలేదు. "మా తమ్ముడికి స్తంబాలెక్కెక్కి బుర్ర తిరిగిపోనాది" అన్నావు. ఆవిడ నవ్వింది. క్షమాపణ రాసి పంపు, మర్నాడే బయల్దేరతాను.

ఇట్లు,
బుర్ర తిరిగిన నీ తమ్ముడు
సీమోను

•

విజయనగరం
9 డిసెంబరు 2024, సోమవారం

సీమోనూ,

ఈసారి వందనాలు బావ తరఫున. నా తరఫున లేవు.

ఈశ్వరి తెలుసు కదా, మా పక్కింటావిడ. శుక్రవారం గిన్నెడు పులిహోర పట్టుకుని వచ్చింది. కూర్చుంది. నా మొహం వంక జాలిగా చూసి, "ఈయాల ఏ వారమండీ?" అంది. నాకు అర్థం కాలేదు. "పొద్దున్న ఏటి తిన్నారో గేపకం ఉన్నాదా?" అంది. కూపీ లాగితే బయటపడింది. బేబీ ఆవిడకు ఫోను చేసి, "మా ఒదినికి మతిమరుపేటైనా వస్తన్నాదేటో, కాస్త సూస్తా ఉండండి" అని చెప్పిందట. నువ్వు చెప్పమంటేనే చెప్పింది, నాకు తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆస్పత్రిలో ఏ రోగికి ఏ పూట ఏ మందో కాగితం చూడకుండా చెప్పిన దాన్ని. నాకు వారాలు తెలియవంటావా? పులిహోర తినేశాను. కోపం మాత్రం ఉంది.

ఇదిగో, రాసుకో. మంగళవారం నుంచి శనివారం దాకా నువ్వు చెప్పినట్టే పొద్దున్న, సాయంత్రం అరగంట చొప్పున. ఆదివారం పొద్దున్న లేదు, సాయంత్రం ఉంది. సోమవారం నాలుగున్నర నుంచి ఎనిమిది. రెండు వారాలుగా ఇంతే, ఒక్క నిమిషం తేడా లేదు. ఈ రోజు సోమవారం. పేపరు మీద కూడా సోమవారం అనే ఉంది, ఈశ్వరి చేత చదివించాను.

శనివారం సాయంత్రం కాగిన నీళ్ళు శనివారమే అయిపోయాయి. నిన్న ఆదివారం నీ యంత్రాన్ని నమ్మకుండా గ్యాసు మీద పెద్ద గిన్నెతో కాచాను. వంటింట్లోంచి బాత్రూం దాకా మోస్తుంటే ఒలికి ఎడమ మణికట్టు కాలింది. పొక్కు పెద్దదే, మందు రాసుకున్నాను. ఆ నీళ్ళతో సగం స్నానం చేయించి తీసుకెళ్ళేసరికి ప్రసంగం మొదలైపోయింది. వెనక బెంచీలో కూర్చున్నాం. ముగింపు ప్రార్థన కాకుండానే లేచి వచ్చేశాం. ఎందుకో అడక్కు.

వీధి చివర కరెంటు పని చేసే త్రినాథ్‌ను పిలిచాను, పెట్టె పగలగొట్టమని. వాడు బోర్డు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "అమ్మా, ఇది లైన్‌మన్ సీమోను గారు ఏసిన తాళం. నాను ముట్టను. ఆయన కాడ పని నేర్సుకున్నోడిని. తాళం ఏసినోలే రావాల" అన్నాడు. జిల్లా అంతా నీలాంటి మూర్ఖుల్నే తయారుచేశావు. ప్రార్థన చేయడానికి వచ్చిన సంఘం ఆడవాళ్ళు చేతులు కడుక్కోవడానికి వెళ్ళి, ఆ పుర్రె బొమ్మ చూసి, "ఇంట్లో ఎవరికేటైనాదమ్మా?" అని అడిగి వెళ్ళారు.

క్షమాపణ కావాలా? నీ బుర్ర తిరగలేదు. తిరిగితే కాస్త మంచి వైపుకు తిరిగేది. ఇదే నా క్షమాపణ.

లీలారాణి

•

నౌపడ
12 డిసెంబరు 2024

అక్కకు,

నీ మణికట్టు కాలిందని చదివి బేబీ ఏడ్చింది. నేను ఏడవలేదు, కోపం వచ్చింది. కాగే నీళ్ళు గిన్నెతో మోసే వయసా నీది? సాయంత్రం దాకా ఆగితే అవే వచ్చేవి కదా. ఆదివారం ఉదయం కాకపోతే సాయంత్రం చర్చికి పోవచ్చు కదా. ప్రతిదానికీ మొండితనం.

తాళం మాట ఇంక ఎత్తకు. ఎందుకు ఇవ్వనో నీకు తెలియదు. ఎవరికీ తెలియదు.

నేనేదో నా గొప్ప కోసం టైమరు పెట్టానని రాస్తున్నావు. ఇక దాచడం ఎందుకు. ఆ రోజు నువ్వు టీ పెడుతుంటే బావ నా చెయ్యి పట్టుకున్నాడు. మాట ముద్దగా ఉంది గానీ నాకు అర్థమైంది. నా చెవికి దగ్గరగా రెండుసార్లు అన్నాడు. "సీమోనూ, ఆ గీజరు ఆపీరా. పగలల్లా కాలతన్నాది. నా గురించి ఇంట్లో ఏటీ ఎక్కువ కాలకూడదు." లెక్కల మేష్టారు. యూనిట్ల లెక్క నీకు అర్థం కాకపోయినా ఆయనకు అర్థమైంది. మేమిద్దరం అనుకునే చేశాం. కావాలంటే ఆయన్నే అడుగు.

ఇప్పుడు చెప్పు, ఎవరిది మూర్ఖత్వం?

సీమోను

•

విజయనగరం
16 డిసెంబరు 2024, సోమవారం

సీమోనూ,

అడిగాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. అప్పుడు నాకు అంతా అర్థమైంది. నీ ఉత్తరం చింపేద్దామనుకుని చింపలేదు.

ఇప్పుడు విను. ఎవరికీ చెప్పనని ఆయనకు మాటిచ్చాను. ముఖ్యంగా నీకు చెప్పనని. పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పిన నిన్ను మా పెళ్ళయిన కొత్తలో తన దగ్గర కూర్చోబెట్టుకుని గట్టెక్కించిన మనిషి ఆయన. నీ ముందు తల దించుకోవాల్సి వస్తే చచ్చిపోతానన్నారు. మాట తప్పుతున్నాను. ఆయన ప్రాణానికంటే మాట పెద్దది కాదు.

పక్షవాతం వచ్చినప్పటి నుంచీ మీ బావకు పట్టు లేదు. ఎప్పుడు బట్టలు పాడవుతాయో ఆయనకే తెలియదు. పొద్దున్న పదకొండింటికి అవ్వచ్చు, మధ్యాహ్నం మూడింటికి అవ్వచ్చు. రోజుకు మూడుసార్లు, ఒక్కో రోజు ఐదుసార్లు కడగాలి. చన్నీళ్ళు పోస్తే ఆ పక్షవాతం వచ్చిన కాలు కొయ్యలా బిగుసుకుపోతుంది, నొప్పికి కళ్ళ నీళ్ళు పెట్టుకుంటారు. అందుకని గీజరు రోజంతా వేసి ఉంచాను. నర్సమ్మగారి సోకులవి. జమీందార్ల పన్నీటి స్నానాలవి. నేను కడుగుతున్నంతసేపూ ఆయన కుళాయి పట్టుకుని గోడ వంక చూస్తూ నిలబడతారు. ఎన్ని వేలమంది రోగులకు చేశాను సీమోనూ, ఎవరి దగ్గరా నా కన్ను తడవలేదు. ఆయనకు చేస్తుంటే నాకు ఏడుపొస్తుంది, ఆయన చూడకుండా ఏడుస్తాను.

పోయిన వారం చర్చిలో బెంచీ మీదే అయింది. సగం స్నానంతో, చలికి వణుకుతూ తీసుకెళ్ళాను కదా. నా పమిట అడ్డం పెట్టి బయటికి తీసుకొచ్చాను. ఎవరూ చూడలేదనుకుంటున్నాను. ఆయన మాత్రం అందరూ చూశారనుకుంటున్నారు.

నిన్న ఆదివారం నేను గిన్నెతో నీళ్ళు పెడుతుంటే ఆయన గోడ పట్టుకుని వంటింటి దాకా వచ్చి పొయ్యి ఆపేశారు. "నీ సెయ్యి కాల్సుకున్నావు. ఇంక సర్చికి రాను, లీలా. నాను ఎలాగున్నానో పెబువుకి ఎరికే. ఈ మంచం మీదే ఉంటాను" అన్నారు. డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషి, గీజరు ఎర్రలైటు చూసినప్పుడల్లా తన వల్లే కాలుతోందని లోపల్లోపల కుమిలిపోయి, నీ చెయ్యి పట్టుకుని ఆపమన్నారు. నువ్వు ఆయన మాట విన్నావు, ఎందుకన్నారో అడగలేదు. యూనిట్లు లెక్కపెట్టావు, మనిషిని చూడలేదు. నేను నీ మీద అరిచాను, ఆయన్ని అడగలేదు. ఇద్దరం కలిసి ఆయన్ని మంచానికి కట్టేశాం.

జనవరి ఐదున మళ్ళీ బల్ల ఆదివారం. అప్పటికి కూడా ఆయన లేవకపోతే ఇక లేవరు. పదిమంది రోగుల్లో చూశాను ఈ తంతు. మంచానికి ఒప్పుకున్న మనిషి మళ్ళీ లేవడు.

తాళం చెవి ఇవ్వకపోతే మానెయ్. గొడ్డలి తెచ్చి ఆ పెట్టెను నేనే బద్దలు కొడతాను.

లీలారాణి

•

నౌపడ
19 డిసెంబరు 2024

అక్కా,

బేబీ నాకు నీ ఉత్తరం మూడుసార్లు చదివి వినిపించింది. మిషను పెట్టుకుని విన్నాను.

ముందు నా తప్పు చెబుతాను. టైమరు తెర మీద రోజులకు పేర్లుండవు, ఒకటి నుంచి ఏడు దాకా అంకెలుంటాయి. గడియారం, తేదీ కంపెనీవాళ్ళే పెట్టి పంపుతారు. నేను వేళలు మాత్రం పెట్టాను. ఒకటి అంటే ఆదివారం అనుకున్నాను. బడికి పోకముందే సండే స్కూల్లో మనకు అదే నేర్పారు కదా, వారంలో మొదటి రోజు ఆదివారం, ప్రభువు లేచిన రోజు అని. అరవై ఏళ్ళుగా అలాగే లెక్కపెడుతున్నాను. ఆ యంత్రానికి సోమవారం ఒకటి, ఆదివారం ఏడు. నేను ఆదివారానికి పెట్టింది సోమవారం వెలిగింది. శనివారానికి పెట్టిన సాయంత్రం వేళ ఆదివారానికి పోయింది. మా ఇంట్లో అన్ని రోజులకూ ఒకే వేళ పెట్టాను గనక నాకు తెలియలేదు. నీ వారాల లెక్క ముందు పెట్టుకుని మా టైమరు తెర చూస్తే గురువారం పూట నాలుగు అని ఉంది. ఐదు ఉండాలి కదా అని బేబీని పిలిచాను. "వదినకి మతిమరుపు కాదు, నీకు గర్వం" అంది. ఈశ్వరి గారికి బేబీ ఫోను చేసి చెప్పేసింది, తప్పు మాదేనని.

రెండోది, తాళం. కూర్మయ్య గుర్తున్నాడు కదా, నాతో లైను పని చేసినవాడు, మా పెళ్ళికి పెట్రోమాక్సు లైట్లు మోసుకొచ్చినవాడు. అతను పోయినప్పుడు నేను సెలవులో ఉన్నానని మీ అందరికీ చెప్పాను. సెలవులో లేను. ఉప్పు మళ్ళ అవతల స్తంభం మీద అతనున్నాడు. నేను లైను ఆపి, స్విచ్చి గదికి తాళం వేసి, తాళం చెవి నా దగ్గర పెట్టుకున్నాను. గదిలో తన అన్నం కేరేజీ ఉండిపోయిందని ఒకడు వచ్చి చెవి అడిగాడు. ఇచ్చాను. వాడు కేరేజీ తీసుకుని, పని అయిపోయిందనుకుని, లైను వేసి వచ్చాడు. అంతే. ఆ రోజు నుంచి నేను వేసిన తాళం చెవి ఇంకొకరి చేతిలో పెట్టలేదు. పెట్టాలంటే చెయ్యి రాదు. బేబీకి కూడా ఈ రోజే చెప్పాను.

నాకు నీ మీద ఇంకా కోపంగానే ఉంది. పది నెలలు ఒక్కదానివే కడిగావు. ఒక్క ముక్క చెప్పి ఉంటే నేను అసలు వేళలే పెట్టేవాణ్ణి కాదు. మనిషికి నీళ్ళు ఎప్పుడు కావాలో తెలియకుండా యంత్రానికి వేళ ఎలా పెడతాను? నువ్వు చెప్పలేదు, బావ చెప్పలేదు, నేను అడగలేదు.

రిజిస్టరు పోస్టులో తాళం చెవి పంపుతున్నాను. నీకు కాదు, బావకు. ఈ కింద రాసింది ఆయనకు చదివి వినిపించు. శనివారం ఇరవై ఎనిమిదిన వస్తున్నాను. క్షమాపణ అక్కర్లేదు. గొడ్డలి దాచిపెట్టు.

సీమోను

బావా,

తాళం చెవి తాళం వేసినవాడి దగ్గరే ఉండాలని ఇన్నాళ్ళూ అందరికీ నేర్పాను. తప్పు నేర్పాను. కూర్మయ్య పోయిన రోజున ఆ చెవి నా దగ్గర కాదు, అతని జేబులోనే ఉండాల్సింది. లైను మీద ఉన్నవాడి దగ్గరే చెవి ఉండాలి. మీ ఇంట్లో లైను మీద ఉన్నది మీరు. అక్క కాదు, నేను కాదు. అందుకని చెవి మీకు పంపుతున్నాను.

పెట్టె తెరిస్తే టైమరు పక్కన నల్ల మీట ఉంటుంది. ఒక్కసారి నొక్కితే అరగంట కాచి దానంతట అదే ఆరిపోతుంది. పన్నెండు గంటలు కాల్చక్కర్లేదు, మీకు కావలసినప్పుడు అరగంట చాలు. రోజుకు ఐదుసార్లు నొక్కండి, పదిసార్లు నొక్కండి. లెక్క నేను చూడను. మీ గురించి ఇంట్లో ఎక్కువ కాలుతున్నది ఏమీ లేదు బావా. ఎవరూ పోసుకోని నీళ్ళకు కాలేదే ఎక్కువ. ఈ లెక్క మీరు దిద్ది, తప్పుంటే సున్నా వేయండి.

మీ శిష్యుడు,
సీమోను

•

విజయనగరం
6 జనవరి 2025, సోమవారం

తమ్ముడు సీమోనుకు,

వందనాలు. ఈసారి నా తరఫునే.

నువ్వు వచ్చిన రోజున నీతో సరిగా మాట్లాడలేదు. నువ్వూ మాట్లాడలేదు. మూడు గంటలు గోడకు వైరు కొట్టి, బావ మంచం పక్కన, ఆయన ఎడమ చేతికి అందే ఎత్తులో ఆ మీట బిగించి, వారాల అంకెలు మార్చి, అన్నం తిని వెళ్ళిపోయావు. బావ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఎత్తు కొలిచావు. ఆయన చెయ్యి పట్టుకుని మీట మీద పెట్టి, "ఇక్కడా బావా, ఇంకాస్త కిందికా?" అని నాలుగుసార్లు అడిగావు. అది వంటింట్లోంచి చూశాను. పప్పు మాడిపోయింది అందుకే.

కోపం పోలేదు. నా మణికట్టు మీద మచ్చ ఉండిపోతుంది. నన్ను మతిమరుపు మనిషిని చేశావు. నీ తప్పు నీకు తెలియడానికి మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాలూ ఆయనకు పోయాయి. కూర్మయ్య సంగతి ఇరవై ఏళ్ళు ఒక్కడివే మోశావని తెలిసి ఇంకా కోపం వచ్చింది. అక్కను ఎందుకు పెట్టుకున్నావు మరి?

మీటరు నిదానించింది. చూశాను. ఇంతకు మించి ఒప్పుకోను.

ఇప్పుడు నిన్నటి సంగతి. క్రిస్మస్‌కు కూడా లేవని మనిషి. నేను ఏమీ అడగలేదు. నాలుగింటికి గీజరు వెలిగిన చప్పుడు వినబడి లేచి చూస్తే ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. ఆదివారం వేళ దానంతట అదే వెలుగుతుందని తెలుసు కదా, అయినా మీట నొక్కారు. "దాన్ని నమ్మడమేటి? మనోడు పెట్టిన వారాలు" అన్నారు. నవ్వారు కూడా. పదకొండు నెలల్లో ఆ మూతి సగమే నవ్వుతుందని మొదటిసారి చూశాను.

స్నానానికి వెళ్తూ ఆయన ఒక పని చేశారు. నీ ఎర్ర బోర్డు పెట్టె మీంచి తీయించి, బాత్రూం తలుపు బయట మేకుకు తగిలించమన్నారు. లైను మీద మనుషులు పని చేస్తున్నారు, ముట్టరాదు. "ఇది ఏలాడినంత సేపూ ఎవురూ తలుపు కొట్టకూడదు, లీలా. ఈశ్వరమ్మైనా, పాస్టరమ్మగారైనా" అన్నారు. లోపలికి వెళ్ళాక గోడ వైపు తిరగలేదు. కుళాయి పట్టుకుని నా వంక చూస్తూ నిలబడ్డారు.

ముందు బెంచీలో కూర్చున్నాం. గిన్నెల పళ్ళెం వచ్చినప్పుడు నేను అందుకోబోతే నా చెయ్యి తప్పించి, ఎడమ చేత్తో తానే తీసుకున్నారు. కాస్త ఒలికింది. చొక్కా మీద మరక ఉంది. ఉతకొద్దన్నారు.

తాళం చెవి నా దగ్గర పెడతానంటే ఇవ్వలేదు. పడుకునేటప్పుడు కూడా జేబులోనే. పెట్టె తెరవాల్సిన పని ఇప్పుడు లేదు కదా అంటే కసిరారు. మిగతాది ఆయనే రాస్తారట. రెండు పంక్తులకు అరగంట పట్టింది, నన్ను చూడనివ్వలేదు. ఇదే కాగితం కింద ఉంది.

బేబీని ఎండు మెత్తళ్ళు పంపమను.

లీలారాణి

సీమోనూ,
లెక్క సరిపోయింది. నేను ఇంకా లైను మీదే ఉన్నాను. చెవి నా జేబులోనే ఉంది.
పాల్